తప్పంతా ఎముకదే

ఎముక అతికితే ఆ ఘనత డాక్టరుగారిది. అందులో కొంత ఆసుపత్రి యాజమాన్యానిది, మరికొంత విదేశం నుంచి తెప్పించిన మెషీన్‌ది. గేటు పక్కన ఫ్లెక్సీ కూడా వెలుస్తుంది. అతక్కపోతే మాత్రం తప్పు ఎముకది. "మీ ఎముక రెస్పాండ్ కావడం లేదమ్మా" అంటారు. "మీ బాడీకి రాడ్డు పడలేదు" అంటారు. "లోపల పస లేదు, మనమేం చేస్తాం" అని నిట్టూరుస్తారు కూడా. ముద్దాయికి నోరు లేదు, వకీలు అసలే లేడు. ఉన్న ఒక్క సాక్షి ఎక్స్‌రే. ఆ గదిలో దాన్ని చదవడం వచ్చిన ఏకైక మనిషి ప్రాసిక్యూటరే. ఇక కేసు ఎటు పోతుందో వేరే చెప్పాలా?

2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయని కేంద్రం లెక్క చెప్పింది. చచ్చిపోయినవాళ్లు 1,68,491 మంది, గాయపడినవాళ్లు 4,43,366 మంది. ఆఖరి అంకె దాకా లెక్కపెట్టారు, సంతోషం. కానీ లెక్క అక్కడే ఆగిపోయింది. ఆ నాలుగు లక్షల పైచిలుకు మందిలో ఎవరి కాలు అతికింది, ఎవరి కాలికి చీము పట్టింది, ఎవరిని రెండోసారి కోశారు, ఎవరు ఇప్పటికీ చంకకర్ర వదల్లేదు, ఇవేవీ ఆ పుస్తకంలో ఉండవు. గాయపడ్డ మనిషి ఆసుపత్రి గుమ్మం దాటాడంటే దేశం దృష్టిలో బాగుపడ్డట్టే.

పైగా గంట మీద మనకు ఎంత శ్రద్ధో చూడండి. దెబ్బ తగిలిన మొదటి గంటలోనే వైద్యం అందాలని ప్రపంచమంతా మొత్తుకుంటుంటే, 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఆ 'గోల్డెన్ అవర్'కు చట్టంలో చోటిచ్చారు. ఆ గంటలో డబ్బు అడక్కుండా వైద్యం చేసే పథకం తెస్తామని కూడా రాశారు. పథకం ఎప్పుడొచ్చింది? 2025 జనవరిలో సుప్రీంకోర్టు గడువు పెట్టి గద్దిస్తే, ఆ గడువు కూడా దాటించి, 2025 మేలో వచ్చింది. ఒక గంట కొట్టడానికి సర్కారుకు దాదాపు ఆరేళ్లు పట్టింది. మనిషికి లక్షన్నర దాకా, ఏడు రోజుల దాకా. ఎనిమిదో రోజున పుండు పచ్చిగా ఉంటే? గెజిట్ చదవడం రాని పుండుదే తప్పు.

ముద్దాయి ఎవరో కాస్త దగ్గరగా చూద్దాం. మోకాలి కింద ముందువైపు వేలితో తడిమి చూసుకోండి. చర్మం కింద నేరుగా ఎముకే తగులుతుంది. మధ్యలో కండ లేదు. బైకు మీదనుంచి పడ్డవాడి కాలు విరిగితే ఈ ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చేది అందుకే. రోడ్డు మీది మట్టి, పేడ, ప్యాంటు పోగులు అన్నీ లోపలికి పోతాయి. అప్పుడేం చెయ్యాలో ఎవరికీ తెలియని రహస్యం కాదు. అలాంటి గాయాలను ఎలా తూకం వెయ్యాలో గుస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు 1976లోనే రాసిపెట్టారు. యాంటీబయాటిక్ వెంటనే పడాలి. చచ్చిన కండను, చర్మాన్ని కోసి తీసెయ్యాలి. లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడగాలి. బయటినుంచి కడ్డీలు బిగించి ఎముకను కదలకుండా నిలబెట్టాలి. ఆ పైన ప్లాస్టిక్ సర్జన్ మరోచోటి కండ తెచ్చి ఎముకను కప్పాలి.

ఆ కప్పడం ఎప్పుడు అన్నదే అసలు సంగతి. అప్పటి యుగోస్లావియాలో, ల్యుబ్లియానాలో, మార్కో గోడినా అనే సర్జన్ తను చూసిన 532 మందిని లెక్కగట్టాడు. మూడు రోజుల్లోపు కప్పినవాళ్లలో ఇన్ఫెక్షన్ వచ్చింది 1.5 శాతం మందికి. మూడు రోజులు దాటి మూడు నెలల్లోపు కప్పినవాళ్లలో 17.5 శాతం మందికి. ఆ పరిశోధన 1986లో అచ్చయింది. అదే ఏడాది ఆయన రోడ్డు ప్రమాదంలోనే పోయాడు. మూడు రోజుల విలువ తెలిసి దాదాపు నలభై ఏళ్లయింది. అయినా ప్లాస్టిక్ సర్జన్ అంటే సినిమా హీరోయిన్లకు ముక్కు దిద్దేవాడని మనలో సగం మంది నమ్మకం, అతన్ని కాలు కోసం పిలవడమంటే వచ్చే బిల్లులో వాటా పంచుకోవడమని కొన్ని ఆసుపత్రుల అనుభవం.

మరి మన దగ్గర ఆ మూడు రోజులూ ఎలా గడుస్తాయి? మొదటి మజిలీ ఊళ్లో ఆరెంపీ. నెత్తురు ఆగాలి కదా అని పైపైన తుడిచి, చర్మాన్ని బిర్రుగా లాగి కుట్టేస్తాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోపల మట్టి అలాగే ఉంది. రెండో మజిలీ మండలంలో నర్సింగ్ హోము. అక్కడ ఒక ఎక్స్‌రే, ఒక టీటీ ఇంజక్షను, "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని ఒక చీటీ. కడగాల్సింది పుండు, కడుక్కున్నది చేతులు. మూడో మజిలీకి బండి కావాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 దొరికితే అదృష్టం. దొరక్క ప్రైవేటు అంబులెన్సు ఎక్కితే, అది ఏ ఆసుపత్రి ముందు ఆగాలో రోడ్డు నిర్ణయించదు, పేషెంటు అసలే నిర్ణయించడు. అక్కడ అడ్వాన్సు కట్టేదాకా కౌంటరు దగ్గర ఇంకో రాత్రి. ఇన్ని మజిలీల తర్వాత రెండో వారంలో చీము పడితే, కేసు షీటులో రాసే మాట ఒక్కటే: 'ఇన్ఫెక్షన్'. ఎవరి చేతుల్లో ఎంతసేపు ఆగిందో ఆ షీటులో గడే ఉండదు.

కడగడం గురించి ఇంకో ముచ్చట. పుండును దేనితో కడగాలి, ఎంత ఒత్తిడితో కడగాలి అని పలు దేశాల్లో దాదాపు 2,500 మంది మీద పరీక్ష పెట్టి, 2015లో ఫలితం ప్రకటించారు. మెషీన్‌తో జోరుగా చిమ్మినా, సీసా ఎత్తిపట్టి మెల్లగా పోసినా తేడా లేదు. సబ్బునీళ్ల కంటే మామూలు సెలైనే మేలు. అంటే అన్నిటికంటే చవకైనదే అన్నిటికంటే మంచిదని తేలింది. పాపం, ఈ వార్తను ఫ్లెక్సీ మీద వేయించుకుంటే ఎవరికి లాభం?

'ఆపరేషన్ లేకుండా' అన్న మాట కోసం పరుగెత్తేవాళ్లు కట్టు దగ్గరికి పోతారు. పుత్తూరు కట్టు బోర్డు లేని పట్నం తెలుగునాట కష్టం మీద దొరుకుతుంది. అన్ని బోర్డులకూ పుత్తూరుతో చుట్టరికం ఉందా అని మాత్రం అడక్కూడదు. పక్కకు జరగని మామూలు ఎముక కదలకుండా పెడితే దానంతటదే అతుకుతుంది. ఆకుపసరు పోసినా, కోడిగుడ్డు సొన రాసినా, పిండికట్టు వేసినా పని చేసేది ఎముకే. కీర్తి మాత్రం కట్టినవాడికి. అసలు చిక్కు వెదురుబద్దలు బిర్రుగా బిగిసినప్పుడు వస్తుంది. పిల్లవాడు మోచెయ్యి విరగ్గొట్టుకుని వస్తాడు, కట్టు కడతారు, రాత్రంతా ఏడుస్తాడు. వేళ్లు చల్లబడతాయి, నిటారుగా చాపబోతే కెవ్వుమంటాడు. "మందు లాగుతోంది, ఓర్చుకోవాలి" అంటాడు కట్టు కట్టినాయన. తెల్లారేసరికి లోపల కండ చచ్చి ఉంటుంది. బిగువు కట్టు వల్ల చెయ్యి ఇలా కొక్కెంలా ముడుచుకుపోతుందని ఫోల్క్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే రాశాడు. ఆ వంకరకు ఇప్పటికీ ఆయన పేరే. కార్పొరేటు వారు దీన్ని చదివి నవ్వుకోనక్కర్లేదు. వాపు తగ్గకముందే చుట్టూ గట్టిగా చుట్టిన పిండికట్టు కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. "నొప్పి ఎక్కువైంది సిస్టర్" అంటే ఇంకో ఇంజక్షన్ పొడిచి పొద్దున్న రౌండ్సు దాకా ఆగమన్నా అంతే. కట్టినవాడికి డిగ్రీ ఉంది కదా అని నెత్తురందని కండ ఒక గంట ఎక్కువ బతకదు.

ఇక లోహం సంగతికి వద్దాం. మన జనం దానికి పెట్టుకున్న పేరు రాడ్డు. తొడకు రాడ్డు, కాలికి ప్లేటు, మడమకు బోల్టులు. స్టీలుదా, టైటానియందా అనేది బేరం దగ్గర తేలుతుంది. "టైటానియం అయితే లైఫ్‌లాంగ్ అండీ" అని చెప్పేది చాలాసార్లు డాక్టరు కూడా కాదు, కంపెనీ రెప్పు. థియేటర్ బయట పెట్టెతో నిలబడతాడు, అవసరమైతే పచ్చగౌను తొడుక్కుని లోపలికీ పోతాడు. ఆ పెట్టె మీద ముద్రించిన ధరకూ, అది ఆసుపత్రికి చేరిన ధరకూ మధ్య దూరం పేషెంటుకు తెలియదు. తెలిస్తే రెండో కాలూ వణుకుతుంది. ఒకసారి తెలిసింది కూడా. మోకాలి చిప్ప మార్పిడి ధరలను ధరల నియంత్రణ సంస్థ విచారిస్తే, దిగుమతిదారు నుంచి పేషెంటు దాకా వచ్చేసరికి లాభాలు వందల శాతంలో ఉన్నాయని బయటపడింది. 2017 ఆగస్టులో ధర కట్టడి చేశారు. అప్పటిదాకా సగటున 1,58,324 రూపాయలు ఉన్న కోబాల్ట్ క్రోమియం మోకీలు, జీఎస్టీ కాకుండా 54,720కి దిగింది. రాత్రికి రాత్రి లోహం మారలేదు, మోకాలు మారలేదు. లక్ష రూపాయల గాలి మాత్రం పోయింది.

విచిత్రం ఏమిటంటే ఆ కట్టడి అరిగిన మోకాళ్లకే. విరిగిన కాళ్లకు కాదు. ప్రమాదాల్లో వాడే రాడ్లకు, ప్లేట్లకు అలాంటి గరిష్ఠ ధర లేదు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో మందులే కాబట్టి, ఎమ్మార్పీని ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదన్న నియమం ఉంది. మొదటే ఎంత వేసుకోవాలో చెప్పే నియమం లేదు. మోకాలు అరిగినాయనకు నలుగురు డాక్టర్లను అడిగే తీరిక ఉంటుంది, పిల్లలు ఫోనులో ధరలు పోల్చి చూస్తారు. లారీ కింద పడ్డవాడు స్ట్రెచర్ మీద పడుకుని ఏం పోలుస్తాడు? సరిగ్గా అతన్నే బజారుకు వదిలేశాం.

ఇప్పుడు మూడు నెలల తర్వాత ఓపీ గదిలోకి రండి. కుర్చీలో కూర్చున్నాయన కాలిమీద, కుట్టు చివర, సెనగగింజంత రంధ్రం. అందులోంచి పల్చగా చీము. భార్య చేతిలో ఎక్స్‌రే కవరు. అది మడతలుపడి, అంచులు చిరిగి, వెనక పాలవాడి లెక్కలు రాసి ఉంది. సంభాషణ ఇలా సాగుతుంది:

"మళ్లీ కోస్తారా సారూ?"

"మళ్లీ కాదమ్మా, ఇది వేరే. రివిజన్ అంటారు. ముందు వేసింది తీసేసి శుభ్రం చేస్తాం."

"మరి ముందు వేసినదానికి కట్టిన డబ్బులు?"

"అవి ముందు వేసినదానికి సరిపోయాయి కదమ్మా. ఈయనకు షుగర్ ఉంది. బీడీ కూడా తాగుతాడనుకుంటాను."

షుగర్, బీడీ ఎముకకు శత్రువులే. అబద్ధమేమీ లేదు. కానీ ఆ షుగర్ ఆపరేషన్ తర్వాత పుట్టలేదు. ఆపరేషన్‌కు ముందు దానికి పరీక్ష చేశారు, ఫిజీషియన్ వచ్చి చూసి సంతకం పెట్టాడు, ఆయన ఫీజు కూడా బిల్లులో ఉంది. అప్పుడు 'ఫిట్' అయిన షుగర్ చీము పట్టగానే నేరస్థురాలు ఎలా అయింది? దీనికి జవాబుగా సొరుగులోంచి ఒక కాగితం తీస్తారు. ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో, కింద ఆమె వేలిముద్రతో. ఏ కాంప్లికేషన్ వచ్చినా మాది పూచీ కాదన్న ఒప్పుకోలు. ఏం చేస్తున్నారో, ఏం జరగొచ్చో, వేరే దారులేమున్నాయో పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పాకే తీసుకున్నది అంగీకారమని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. ఆ తీర్పు కూడా ఇంగ్లీషులోనే ఉంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

అసలు సైన్సు ఏమంటుందంటే, లోహం మీద చేరిన సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. ఆ పొర లోపలికి మాత్రలు సరిగా దిగవు. లోపల ముదిరాక రాడ్డు తీసి, చచ్చిన ఎముక ముక్కను తీసి, మళ్లీ మొదలుపెట్టక తప్పదు. ఇది ఒప్పుకోవడానికి డాక్టరుకు ధైర్యం కావాలి, ఆసుపత్రికి నిజాయతీ కావాలి. ఆ రెండూ సమకూరేలోపు 'యాంటీబయాటిక్ మార్చి చూద్దాం' అంటూ నెలలు పోతాయి. ఇంట్లోవాళ్లు మాత్రం ఎముకను సంస్కరించే పనిలో ఉంటారు. మేకకాళ్ల సూపు, నల్లేరు పచ్చడి, మొక్కులు, ఒక బాబాగారి తాయెత్తు.

చివరికి తేలే చోటు రింగులు. కాలి చుట్టూ ఇనుప చక్రాలు, వాటినుంచి ఎముకలోకి తీగలు. సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్లో ఇలిజరోవ్ అనే డాక్టరు కనిపెట్టిన పద్ధతి ఇది. టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం కొట్టిన వలేరీ బ్రుమెల్ 1965లో మోటారుసైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకుంటే, ఎన్నో ఆపరేషన్లు విఫలమయ్యాక ఈయన దగ్గరే నిలబడ్డాడు. ఈ పద్ధతిలో మంచి ఎముకను తెంపి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదీ పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు దఫాలుగా జరుపుతూ పోతే, వెనక ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. ఆరు సెంటీమీటర్లు పోయిందంటే లాగడానికే రెండు నెలలు, అది గట్టిపడటానికి ఇంకా నెలలు. ఇన్నాళ్లుగా పస లేదని, స్పందించదని నిందపడిన అదే ఎముక అప్పుడు రోజూ ఒక మిల్లీమీటరు పుట్టిస్తుంది. ఏ రోజూ సెలవు పెట్టదు, అడ్వాన్సు అడగదు. దాంతో పోటీపడి పెరిగేది ఒక్కటే, ఆపరేషన్ కోసం తెచ్చిన నూటికి మూడు రూపాయల వడ్డీ. అది రోజుకో మిల్లీమీటరు దగ్గర ఆగదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎందరో పేదలు థియేటర్ గుమ్మం ఎక్కగలిగారు, కాదనను. కానీ అక్కడా ఆపరేషన్‌కు కోడ్ ఉంది, కోడ్‌కు రేటు ఉంది. ఆ కాలు మళ్లీ పొలం గట్టు ఎక్కిందా లేదా అన్నదానికి కోడ్ లేదు. రేటు లేనిదాన్ని ఎవరు వెతుకుతారు?

లెక్క పెట్టకపోతే ఏమవుతుందో తుంటి కీళ్ల కథ చెబుతుంది. జాన్సన్ అండ్ జాన్సన్ వారి డెప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ అనే తుంటి కీలును అమ్మింది. లోహం మీద లోహం రాపిడికి కోబాల్ట్, క్రోమియం రేణువులు రాలి ఒంట్లోకి చేరాయి, చుట్టూ కండ పాడైంది, కీలు ముందే చెడింది. ఆస్ట్రేలియాలో 1999 నుంచే కీళ్ల మార్పిడికి జాతీయ రిజిస్ట్రీ ఉంది. ఎక్కడ ఏ కీలు చెడుతోందో ఆ చిట్టాలో కనిపించింది. 2009లో అక్కడ ఆ సరుకు బజారు వదిలింది. ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది 2010 ఆగస్టులో. స్వీడన్ వారైతే 1970లలోనే ఇలాంటి చిట్టాలు మొదలుపెట్టారు. మన దేశంలో సుమారు 4,700 మందికి ఈ కీళ్లు వేశారని ప్రభుత్వ నిపుణుల కమిటీ లెక్క. అందులో ఆచూకీ దొరికింది వెయ్యి పైచిలుకు మందిదే. మిగతా మూడున్నర వేల మంది ఎక్కడో ఉన్నారు, తుంటి నొప్పికి మాత్రలు మింగుతూ, తమ ఎముకకు పస లేదని డాక్టరు చెప్పిన మాట నమ్ముతూ. ఆ కమిటీని వేసింది కూడా సరుకు వెనక్కి పోయిన ఏడేళ్లకు, 2017లో.

ఒకే ప్రమాదంలో బైకూ విరుగుతుంది, కాలూ విరుగుతుంది. బైకుకు ఇంజను నంబరు ఉంది, ఛాసిస్ నంబరు ఉంది, ఏ భాగం మార్చారో సర్వేయరు ఫొటో తీసి రాసుకుంటాడు. దాన్ని నడిపినవాడి తొడలో దిగిన రాడ్డు ఏ కంపెనీదో, ఏ బ్యాచిదో ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

అందరినీ ఒకే గాటన కట్టడం లేదు. మంచం చివర కప్పీ మీదుగా తాడు వేసి, బరువులు లేక ఇటుకలు వేలాడదీసి ఎముకను లాగిపట్టే సర్కారు వార్డులు నేను చూశాను. అర్ధరాత్రి ఒంటిగంటకు పుండులోంచి ఇసుక రేణువులు ఏరుతున్న పీజీ పిల్లల్నీ చూశాను. వాళ్లు రెప్పుకు ఫోను చెయ్యరు, చేసే వ్యవధి ఉండదు. పక్కనే కోయంబత్తూరులో గంగా ఆసుపత్రివారు తాము చూసిన కాళ్లను, నెగ్గినవాటినీ ఓడినవాటినీ కలిపి లెక్కగట్టి, ఏ కాలు నిలబెట్టొచ్చో, ఏది తీసెయ్యడమే మేలో చెప్పే స్కోరును 2006లో ప్రకటించారు. ప్రపంచమంతా వాడుతోంది. వాళ్ల ఎముకలేమీ వేరే మట్టితో చేసినవి కావు. ఓడిన కాలును కూడా రాసుకున్నారు, అంతే తేడా.

ఇది చదివేవారిలో ఎవరింట్లోనైనా రేపు ఆ అవసరం పడితే ఒక్క పని చెయ్యండి. రాడ్డు, ప్లేటు, కీలు ఏది వచ్చే పెట్టె మీదైనా కంపెనీ పేరు, బ్యాచి నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. కేసు షీటులో అంటించేవి అవే. డిశ్చార్జి కాగితాల్లో అవి లేకపోతే బిల్లు కట్టేముందే అడగండి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. మోకీలు అయితే కంపెనీ, బ్యాచి, ధర బిల్లులో విడిగా రాయాలని 2017 ఉత్తర్వే చెబుతోంది. "అవన్నీ మీకెందుకమ్మా" అంటే, కాలు నాది కాబట్టి అని చెప్పండి.